జిమ్‌లో చేరిన వారానికే 1.9 కిలోలు పెరిగాను. తప్పెక్కడ?

నిజాంపేట నుంచి:
అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు. పదేళ్లుగా ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయిన ఒళ్లు. ఈ నెల జిమ్‌లో చేరాను. మొదటి రోజు 84.2 కిలోలు. ఆరు రోజులు ఎగ్గొట్టకుండా వెళ్లాను. ఏడో రోజు ఆదివారం, మా బావమరిది పట్టుబడితే గోల్కొండ పైదాకా ఎక్కి దిగాను. మంగళవారం పొద్దున చూసుకుంటే 86.1. మెషీన్ పాడైందేమోనని పది కిలోల బియ్యం సంచి పెట్టి చూశాను, సరిగ్గా పదే చూపించింది. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటున్నా. "డబ్బులు కట్టి మరీ లావెక్కుతున్నారు" అని మా ఇంటావిడ ఒకటే నవ్వు. మూడు నెలల ఫీజు ముందే కట్టేశాను. తొడలు ఎంత పట్టేశాయంటే కూర్చుని లేవాలన్నా గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మానేయనా?

అమీర్‌పేట నుంచి:
కట్టిన ఫీజు బరువు కూడా కలిపి చూపిస్తున్నట్టుంది అన్నా. జోక్ పక్కనపెడితే, టెన్షన్ వద్దు. అది కొవ్వు కాదు, కండ. కండ బరువెక్కువ.

తార్నాక నుంచి:
కొవ్వు కాదన్నది నిజమే, కానీ కండ కూడా కాదు అమీర్‌పేట తమ్ముడూ. వారంలో రెండు కిలోల కండ వచ్చేదుంటే జిమ్ముల ముందు బారులు తీరేవాళ్లం. నేను డాక్టర్ని కాదు, ఏడేళ్లుగా పరుగెడుతున్నాను. ఆగస్టు మారథాన్‌లో ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి గచ్చిబౌలి చేరేసరికి కిలోన్నర తగ్గి ఉంటాను. మూడో రోజుకి తగ్గినదంతా వచ్చి, పైన ఇంకో కిలో చేరుతుంది. ఏటా ఇదే తంతు.

ముందు లెక్క చూడండి. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. 1.9 కిలోల కొవ్వు పెరగాలంటే ఖర్చు పెట్టినదానికన్నా 14,000 క్యాలరీలకు పైగా ఎక్కువ తినాలి. అంటే వారం పాటు రోజూ మామూలు తిండికి తోడు దాదాపు ఇంకో మనిషి తిండి తినాలన్నమాట. మీరేమో పుల్కాల మీద ఉన్నారు.

పెరిగింది నీరు. గోల్కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చి ఉంటుంది, అది వేరు. తొడల్ని పట్టేసింది దిగడమే. దిగేటప్పుడు మన బరువును ఆపడానికి తొడ కండ బ్రేకు వేస్తూనే సాగుతుంది. అలవాటు లేని కండలో అప్పుడు కంటికి కనపడనంత చిన్న చిరుగులు పడతాయి. వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్లు అక్కడికి నీటిని పంపుతుంది, కొంచెం వాపు వస్తుంది. ఈ నొప్పి, వాపు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువగా ఉంటాయి. మీరు ఆదివారం దిగి మంగళవారం తూకం వేశారు! అంతకన్నా చెడ్డ ముహూర్తం దొరకదు.

ఇంకోటి గ్లైకోజెన్. తిన్న అన్నంలో, రొట్టెలో ఉన్న పిండిపదార్థాన్ని కండ ఈ రూపంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుకుంటుంది. వ్యాయామం మొదలుపెట్టాక కండ ఈ నిల్వ పెంచుకుంటుంది. వంద గ్రాములు పెరిగినా నీటితో కలిపి 400 గ్రాములు. రక్తంలో నీటి భాగం కూడా మొదటి వారంలోనే పెరుగుతుంది, అది మంచికే.

ఇవన్నీ కలిపినా 1.9 కొంచెం ఎక్కువే. ఆది, సోమవారాల్లో ఏం తిన్నారు? మాత్రలేమైనా వేసుకున్నారా?

నిజాంపేట నుంచి:
గోల్కొండ దిగాక రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తాగాను. సోమవారం మధ్యాహ్నం బావమరిది ఇంట్లో పులిహోర, అప్పడాలు, ఆవకాయ. నొప్పికి మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాక్ ఇచ్చారు, రెండు రోజులు వేసుకున్నా. ఆ, మరిచాను, జిమ్‌లో క్రియేటిన్ పొడి కూడా ఇచ్చారు. రోజూ ఒక స్పూను.

తార్నాక నుంచి:
అసలు కథ ఇప్పుడు చెబుతున్నారు! క్రియేటిన్ కండలోకి నీటిని లాగుతుంది. మొదట్లో కిలో అటూ ఇటూగా పెరగడం చాలామందికి ఉండేదే. అది హానికరమని కాదు, కాంటా చూసి భయపడే వారంలో మొదలుపెట్టాల్సింది మాత్రం కాదు. ఇక ఉప్పు సంగతి. రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మీ సోమవారం భోజనం ఆ హద్దు దాటే ఉంటుంది. ఉప్పు ఎంత ఎక్కువైతే నీరు అంత నిలుస్తుంది.

డైక్లోఫెనాక్ మాత్రం ఆపండి. ఆ రకం మాత్రలు మూత్రపిండాల దగ్గర ఉప్పును, నీటిని బయటికి పోనివ్వవు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా వేసుకుంటే మూత్రపిండాలకే దెబ్బ. ఈ నొప్పి నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. మెల్లగా నడవండి.

ఉప్పల్ నుంచి:
నీళ్లు తగ్గించండి. మా జిమ్‌లో ఒకాయన ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తి ఒక్కరోజులో రెండు కిలోలు తగ్గాడు.

మల్కాజిగిరి నుంచి:
ఉప్పల్ అన్నా, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఆ రెండు కిలోలూ చెమటే, సాయంత్రానికి తిరిగి వస్తాయి. ఈ లోపు కళ్లు తిరిగి పడిపోవచ్చు, వడదెబ్బ తగలొచ్చు. నేను ఆసుపత్రిలో నర్సుగా చేస్తాను. నిజాంపేట అన్నగారూ, ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మూత్రం కోలా రంగులోకి మారినా, నొప్పి భరించలేనంతగా ఉండి కండ గట్టిగా ఉబ్బినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అది కండ దెబ్బతిని అందులోని పదార్థాలు రక్తంలో కలుస్తున్న లక్షణం. ఒక్క కాలే వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అంతే. మీరు చెప్పినదాంట్లో అలాంటివేమీ కనపడలేదు.

ఆడవాళ్ల కోసం ఇంకో మాట. నెలసరికి ముందు నాకు కిలో దాకా పెరుగుతుంది. అదే వారంలో జిమ్ మొదలుపెట్టి, ఏడ్చి, మానేసిన చరిత్ర నాకుంది. పోయిన నెల ఇదే వారంతో పోల్చుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

నిజాంపేట నుంచి:
మూత్రం మామూలుగానే ఉందమ్మా, థ్యాంక్స్. మరి తూకం ఎప్పుడు వేసుకోవాలి?

తార్నాక నుంచి:
పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, చాయ్ తాగకముందు. రోజూ రాసిపెట్టుకోండి, కానీ ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకండి. ఏడు రోజుల సగటు తీసి, ముందు వారం సగటుతో పోల్చండి. టేపుతో నడుము కూడా కొలవండి. నెల రోజులు సగటు పెరుగుతూనే పోతే అప్పుడు తిండి లెక్క చూద్దాం.

నిజాంపేట నుంచి, 12 రోజుల తర్వాత:
చెప్పడం ఆలస్యమైంది. మాత్ర అదే రోజు ఆపాను, పొడి పక్కన పెట్టాను, జిమ్ మానలేదు. శుక్రవారానికి 85.3. ఈ వారం సగటు 83.8. నడుము ఒక అంగుళం తగ్గింది. బియ్యం సంచి తొమ్మిదికి దిగింది, కానీ దానికి జిమ్‌తో సంబంధం లేదు. బావమరిది ఈ ఆదివారం మళ్లీ గోల్కొండ అంటున్నాడు. వెళ్లొచ్చా?

తార్నాక నుంచి:
వెళ్లండి. ఒకసారి దిగిన కండకి రెండోసారి అంత నొప్పి రాదు. సోమ, మంగళవారాల్లో మాత్రం మెషీన్‌ని మంచం కింద పెట్టేయండి.