ఎఫ్ ఆఫ్ ఆర్‌లోనూ అదే బ్లాక్ హోల్ వస్తే తేడా ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (నెల్లూరు నుంచి):
అన్నలూ అక్కలూ, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ప్రాజెక్టుకి ఎఫ్ ఆఫ్ ఆర్ గ్రావిటీలో (ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో స్థలకాలం వంపుని చెప్పే ఆర్ బదులు దాని ఫంక్షన్ ఏదైనా పెట్టే సిద్ధాంతం) బ్లాక్ హోల్స్ తీసుకున్నాను. ఆర్ ప్లస్ ఆల్ఫా ఆర్ స్క్వేర్ పెట్టి శూన్యంలో సమీకరణాలు రాస్తే, ఆర్ సున్నా అనుకోగానే ఆల్ఫా ఉన్న టర్ములన్నీ ఎగిరిపోయి ఐన్‌స్టీన్ సమీకరణాలకి 1916 నాటి ష్వార్జ్‌షీల్డ్ బ్లాక్ హోల్ పరిష్కారమే వచ్చి కూర్చుంది. మూడు రాత్రులు లెక్క తిరగేశాను, తప్పు దొరకలేదు. మరి ఐన్‌స్టీన్ చెప్పిందే వస్తుంటే నేను కొత్తగా ఏం రాయాలి? సోమవారం సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ఒంగోలు):
లెక్క కరెక్టేనమ్మా, ఇక తప్పు వెతకడం ఆపెయ్. బ్రాన్స్-డికీ సిద్ధాంతంలోనూ (గురుత్వానికి అదనంగా ఒక క్షేత్రాన్ని కలిపేది) ఇంతే, నిలకడకు వచ్చిన బ్లాక్ హోల్ ఐన్‌స్టీన్‌దే అవుతుందని హాకింగ్ 1972లోనే చూపించాడు. కానీ అది కదలకుండా ఉన్నప్పటి మాట. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది, చూపుకి అన్నీ ఒకటే, పగులుంటే మోతలో తెలిసిపోయేది. బ్లాక్ హోల్‌ని కదిపితే వచ్చే ఆ మోతే రింగ్‌డౌన్. దాన్ని 1970లో లెక్కల్లో చూపింది మన బెంగళూరు విశ్వేశ్వర. ఎఫ్ ఆఫ్ ఆర్‌లో అదనంగా ఒక స్కేలార్ (ప్రతి చోటా ఒక్క సంఖ్యతో చెప్పే క్షేత్రం) ఉంటుంది, కదిపితే అదీ మోగొచ్చు.

జవాబు 2:
అన్న చెప్పింది నిజమే, కాకపోతే ఆ స్కేలార్ మోత వినపడేంత గట్టిగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బ్లాక్ హోల్ రూపమే మారాలంటే స్కేలార్‌ని గాస్-బానెట్ టర్ముతో (వంపు వర్గాలతో కట్టిన టర్ము) కలిపిన సిద్ధాంతాలు చూడు, అక్కడ బ్లాక్ హోల్ చిన్నదయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది. ఇంకోటి, 2017 ఆగస్టు 17న న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలూ అందాయి. ఆ ఒక్క రోజుతో ఎన్నో సిద్ధాంతాలు పోయాయి, ఎఫ్ ఆఫ్ ఆర్ మాత్రం మిగిలింది, ఎందుకంటే అందులో తరంగాల వేగం కాంతి వేగమే. సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. 2019లో వచ్చిన ఎమ్87 గెలాక్సీ బ్లాక్ హోల్ ఫోటోలో మధ్యనున్న నల్లటి నీడ కొలిస్తే ఏమైనా తెలుస్తుందా?

జవాబు 1:
నీకొచ్చిన మెట్రిక్ (స్థలకాలంలో దూరాలు చెప్పే సూత్రం) అదే కదా తల్లీ, మెట్రిక్ అదే అయితే నీడా అదే. ఆ దారి వదిలెయ్. స్కేలార్ బరువు వర్గం ఒకటి బై ఆరు ఆల్ఫా వస్తుంది, ముందు అది నువ్వే రాబట్టు, తర్వాత ష్వార్జ్‌షీల్డ్ మీద ఆ స్కేలార్‌ని కదిపి చూడు. సోమవారానికి అంతవరకు చాలు.