అప్‌డేట్: ధనియాల చేను ఏపుగా ఉంది, గింజ మాత్రం తాలు – కారణం తేలింది

పోయిన రబీలో అడిగింది ఇదీ: గుంటూరు దగ్గర నల్లరేగడి, వర్షాధారం, లాం సాధన రకం. మొక్క నడుం దాకా పెరిగింది, పూత ఆలస్యం, సగం గింజ తాలు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

యూరియా ఎక్కువైందన్నవాళ్ల మాటే నిజం. పొలం చూసిన వ్యవసాయాధికారీ అదే చెప్పారు. నేను వేసిన ఎకరాకు రెండు బస్తాల యూరియా అంటే 41 కిలోల నత్రజని. వర్షాధారంలో ఈ పంటకు 12 చాలు. మిగులంతా ఆకుకు పోయి పూత వెనక్కి జరిగింది, గింజ కట్టే వేళకు నేలలో పదును లేదు. పేనుబంక కూడా ఆ గుబురులోనే చేరింది.

ఈసారి ఎకరాకు యూరియా 26 కిలోలు (అంటే ఆ 12 కిలోల నత్రజనే), సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100, పొటాష్ 13, అన్నీ ఆఖరి దుక్కిలోనే. పైపాటుగా తర్వాత మళ్లీ ఎరువు చల్లలేదు. సూపర్ బదులు డీఏపీ వేస్తే అందులో ఉన్న 18 శాతం నత్రజనిని యూరియాలో తగ్గించాలి, పైగా సూపర్‌లో ఉండే గంధకం అందదు. మొక్క మోకాలు దాటలేదు, గుత్తులు మాత్రం నిండాయి.

కొందరు సూచించిన బోరాన్ పిచికారీ, విత్తనం మార్పు అక్కర్లేకపోయింది. అదే విత్తనం, గింజను రెండు బద్దలు చేసి వేసిందే. అన్నట్టు, కొత్తిమీర కట్టల కోసం వేసేవాళ్లు ఈ లెక్క పట్టుకోవద్దు.