ట్రాఫిక్‌లో ఆటో హోల్డ్ వాడొచ్చా? ఆటోమేటిక్ నడిపేవాళ్లు చెప్పండి

బురుజుకాడోడు (కర్నూలు):
అన్నలూ, ఇంట్లో కొత్తగా ఆటోమేటిక్ తీసుకున్నాం. రోజూ సి క్యాంప్ నుంచి రాజ్‌విహార్ మీదుగా పోవాల, సాయంత్రమైతే అడుగు కదిలి అడుగు ఆగేదే, బ్రేక్ మీద కాలు పెట్టి పెట్టి పిక్క పట్టేస్తాంది. గేర్ పక్కన ఆటో హోల్డ్ బటన్ ఉంది, బండి ఆగినాక కాలు తీసినా బ్రేక్ పట్టి ఉంచేది, కానీ మా నాయన నొక్కనీడు, అట్ల పట్టే ఉంటే ప్యాడ్లు అరిగిపోతాయంటాడు. నిజమేనా?

షెడ్డు మనిషి (అనంతపురం):
అరగవు తమ్ముడూ. ప్యాడ్ అరిగేది చక్రం తిరిగేటప్పుడు రాపిడికి, ఆగిన చక్రాన్ని ఎంతసేపు పట్టుకున్నా ఏం కాదు, నాయనకు ధైర్యంగా చెప్పు. నువ్వు తొక్కి బండి పూర్తిగా ఆపినాక ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే సిస్టమ్) యూనిట్‌లో వాల్వులు మూసుకొని బ్రేక్ ఆయిల్ ప్రెషర్‌ని లైన్లలోనే ఆపేస్తాయి, కాలు తీసినా అది దిగదు. గేర్ డీలో (డ్రైవ్) ఉండి యాక్సిలరేటర్ తొక్కితే వదుల్తాది. హ్యుందాయ్, కియా బండ్లల్లో మీటర్లో చూడు, ఆటో హోల్డ్ అక్షరాలు తెల్లగా ఉంటే రెడీగా ఉన్నట్టు, పచ్చగా మారితేనే పట్టినట్టు. పచ్చగా కాకుండా కాలు తీయొద్దు.

ఘాట్ రోడ్డు (కడప):
దీన్ని హిల్ అసిస్ట్‌తో, అంటే ఎక్కుడులో కదిలేటప్పుడు బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టేదాంతో, కలపొద్దండీ. గువ్వలచెరువు ఘాట్‌లో లారీల వెనకాల ఆగినప్పుడు తేడా బాగా తెలుస్తాది, హిల్ అసిస్ట్ పట్టేది రెండు మూడు సెకన్లే, ఆలోపు కదలకపోతే బండి వెనక్కి జారతాది, ఆటో హోల్డ్ అయితే నువ్వు కదిలేదాకా పడ్తాది. రాత్రిపూట ఇంకో లాభం, పట్టినంతసేపు వెనక బ్రేక్ లైట్లు వెలుగుతానే ఉంటాయి. డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్నోళ్లు ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, క్లచ్‌లు వేడెక్కుతాయి, బ్రేకే పట్టాల.

బురుజుకాడోడు:
థాంక్స్ అన్నా. నిన్న వాడి చూసినా, సిగ్నల్ దగ్గర సూపర్. కానీ జానెడు జానెడు జరిగేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితేగానీ కదలదు, తొక్కితే ఎగిరినట్టు పోతాంది, ముందర సందులో బైకులు దూరుతాంటాయి, భయమైతాంది.

షెడ్డు మనిషి:
డీలో బ్రేక్ వదిల్తే బండి దానంతటదే మెల్లగా పోతాది చూడు, ఆటో హోల్డ్ పడితే అది ఉండదు. అందుకే అట్లాంటి చోట, ఇంకా పార్కింగ్‌లో, రివర్స్‌లో ఆఫ్ చేసేయ్. సిగ్నల్‌కి, గేటుకి మాత్రం ఆన్ పెట్టు. కొన్ని బండ్లల్లో మెల్లగా తొక్కి ఆపితే పట్టదు, గట్టిగా ఇంకోసారి నొక్కితేనే పడ్తాది, మీదాంట్లో ఎట్లుందో ఖాళీ గ్రౌండ్‌లో చూసుకో.

నంద్యాల చెక్‌పోస్ట్:
ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. మా బావ సిగ్నల్‌లో హోల్డ్ పట్టిందని కాలు తీసి, వెనక సీట్లో పాపకు నీళ్ల బాటిల్ అందియ్యను తిరిగినాడు, బూటు యాక్సిలరేటర్‌కి తగిలింది, బండి ఒక్క ఊపున పోయి ముందర ఆటోకి బెత్తెడు దూరంలో ఆగింది, పాప ఏడుపు. కాలు బ్రేక్ మీదనే ఊరికే ఆనించి ఉంచండి. దిగాలంటే పీలో (పార్క్) వేసి పార్కింగ్ బ్రేక్ వేసే దిగండి. చాలా బండ్లల్లో బెల్ట్ తీసి డోర్ తెరిస్తే, హ్యుందాయ్‌లో అయితే పది నిమిషాలు దాటినా అదే పార్కింగ్ బ్రేక్‌కి మారుతాది నిజమే, కానీ దాన్ని నమ్ముకొని ఎవరూ దిగొద్దు.

బురుజుకాడోడు:
అట్లే అన్నా. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆటో హోల్డ్ ఆఫ్ అయిపోతాంది, రోజూ నొక్కాల్నా?

ఘాట్ రోడ్డు:
బండిని బట్టి. మాదాంట్లో బెల్ట్ పెట్టుకొని ప్రతిసారీ నొక్కాల్సిందే, మా తమ్మునిదాంట్లో గుర్తుంటాది.