ఫ్రెంచ్ డిస్కో జంట ఒట్టావాన్ అంత త్వరగా ఎందుకు వెనకబడింది?

ప్రశ్న

కొంతకాలంగా ఐరోపా డిస్కో పాటలను వరుసగా వింటున్నాను. వాటిలో ఒట్టావాన్ జంట ప్రస్థానం నాకు సరిగా అర్థం కావడం లేదు. 1979లో ఫ్రాన్స్‌లో వెలువడిన ‘డి.ఐ.ఎస్.సి.ఓ.’ మరుసటి ఏడాది బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో రెండో స్థానానికి చేరింది. 1981లో ‘హ్యాండ్స్ అప్’ అదే జాబితాలో మూడో స్థానం అందుకుంది. ఆ తరువాత ఆ స్థాయి విజయం మరొకటి కనిపించదు. జాన్ పాట్రిక్ బాప్తిస్త్, అనెట్ ఎల్తీస్ ఇద్దరూ మంచి గాయకులు, జనం గుర్తుపట్టే స్థాయికి చేరినవారు. అలాంటివారు రెండు మూడేళ్లకే తెరమరుగు కావడానికి డిస్కో మోజు తగ్గడమే కారణమా, లేక ఆ జంట ఏర్పడిన తీరులోనే ఏదైనా బలహీనత ఉందా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు

మీ ప్రశ్నలోని రెండో మాటే నిజానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. ఒట్టావాన్ పాటలను రాసి, బాణీలు కట్టి, రికార్డు చేయించినవారు డానియెల్ వాంగార్డ్, జాన్ క్లూగర్ అనే నిర్మాతలు. ఈ జంట పేరు ఎవరికీ తెలియక ముందే వీరికి ఒక పద్ధతి స్థిరపడింది: పాట తమది, గొంతు ఎవరిదైనా కావచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. 1971లో యమసుకి అనే పేరుతో, జపనీస్ మాటల ధ్వనిని ఆధారం చేసుకుని వీరు ఒక చిత్రమైన ఆల్బమ్ తయారుచేశారు. అందులోని ఒక బాణీనే 1975లో బ్లాక్ బ్లడ్ బృందం స్వాహిలీ మాటలతో పాడింది. 1981లో బనానారామా అనే బ్రిటిష్ బృందం తన తొలి సింగిల్‌గా ఎంచుకున్నదీ ఆ పాటనే. పదేళ్లలో మూడు బృందాల పేర్లు మారాయి, బాణీ మాత్రం మారలేదు. ‘క్యూబా’ పాటతో పేరు తెచ్చుకున్న గిబ్సన్ బ్రదర్స్ వెనుక ఉన్నదీ వాంగార్డే. కరీబియన్ మూలాలున్న పాట్రిక్, అనెట్ అటువంటి కార్ఖానాలోకి అడుగుపెట్టారు. తరువాతి పాట ఎలా ఉండాలో, ఏ భాషలో ఎప్పుడు విడుదల కావాలో నిర్ణయించే అధికారం పాడేవారి చేతిలో లేనప్పుడు, నిర్మాతల దృష్టి మరో పనిపైకి మళ్లిన రోజున వారు చేయగలిగింది చాలా తక్కువ.

రెండో జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. డిస్కో మోజు గురించి మాత్రం ఒక మాట చేర్చాలి. 1979 జూలై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పేల్చివేసిన ఘటనను ఆ సంగీతానికి ముగింపుగా చెప్పడం పరిపాటి. అది అమెరికా సంగతి. ఒట్టావాన్ పెద్ద పాటలు రెండూ బ్రిటన్‌లో గెలిచింది ఆ రాత్రి తరువాతే. అమెరికన్ రేడియో ముఖం తిప్పుకున్న సంగీతాన్ని ఐరోపా మరికొన్నేళ్లు ఆనందంగా ఆడిపాడింది.

ఆ పాటల కట్టుబడిని కూడా గమనించండి. ‘డి.ఐ.ఎస్.సి.ఓ.’లో ఒక్కో అక్షరానికి ఒక్కో విశేషణం చొప్పున ఒక స్త్రీని వర్ణిస్తారు. చివరి ఓ దగ్గరికి వచ్చేసరికి విశేషణం ఉండదు, ఉత్త ‘ఓ ఓ ఓ’ అనే కేక మాత్రమే ఉంటుంది. ఫ్రెంచ్ రాకపోయినా, ఇంగ్లిష్ అంతంతమాత్రమే అయినా, అక్కడ గొంతు కలపడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. ‘హ్యాండ్స్ అప్’ పల్లవి ఇంకొక అడుగు ముందుకు వేసి, చేతులు పైకెత్తమని నేరుగా నాట్యం చేసేవారికే చెబుతుంది. ఇటువంటి పాటను తేలిక పాట అని తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వినేవారిని మొదటిసారికే పాటలో భాగం చేయడం చాలా కష్టమైన విద్య.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే పాట అంతా నిర్మాతలదే అయితే, పాట్రిక్, అనెట్‌ల స్థానంలో ఎవరు పాడినా అదే ఫలితం వచ్చి ఉండేదా?

మూడో జవాబు

వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రోజుల్లో పాట జనంలోకి వెళ్లడానికి టీవీ కార్యక్రమాలే ప్రధాన మార్గం. ఆ కొద్ది నిమిషాలలో తెరపై ఒకరినొకరు చూసుకుంటూ, నవ్వుతూ, మాటకు మాట అందిస్తూ ఆడిపాడిన ఆ ఇద్దరి హుషారును నిర్మాతలు కాగితంపై రాసి ఇవ్వలేదు. 1980ల ఆరంభంలోనే జంట విడిపోయింది. తరువాత పాట్రిక్ వేరే గాయనులతో కలిసి ఒట్టావాన్ పేరుతోనే దశాబ్దాలపాటు కచేరీలు చేశారు. రష్యాలో జరిగే పాతపాటల వేడుకలలో కూడా ఈ పేరుకు ఆదరణ దక్కింది. కనుక కొత్త విజయాలు ఆగిపోయాయి గానీ, వృత్తి ఆగిపోలేదు.

ఇంకొక విషయం కూడా ఈ చర్చకు అవసరమే. వాంగార్డ్ అసలు పేరు డానియెల్ బాంగల్తేర్. ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట డాఫ్ట్ పంక్‌లో ఒకరైన థామస్ బాంగల్తేర్ ఆయన కుమారుడే. 1990లలో డాఫ్ట్ పంక్ పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు తమ సంగీతంపై అధికారాన్ని తమ దగ్గరే ఉంచుకుంది. తాము ముసుగుల వెనుక దాగి, ఏ పాట ఎప్పుడు ఎలా రావాలో తామే నిర్ణయించుకుంది. ఊరూరా ముఖాలు తెలిసిన పాట్రిక్, అనెట్‌లకు దక్కనిది సరిగ్గా ఆ అధికారమే.

వీలైతే ‘హ్యాండ్స్ అప్’ను, దాని ఫ్రెంచ్ రూపమైన ‘ఓ లే మాఁ’ను వెంటవెంటనే వినండి. రెండు భాషలలోనూ అదే హుషారు నిలబెట్టడానికి ఆ ఇద్దరూ ఎంత శ్రద్ధగా పాడారో తెలుస్తుంది.