అప్‌డేట్: గేర్లు లేని సైకిల్ మీదే భీమిలి వెళ్లొచ్చాను

పాత, గేర్లు లేని సైకిల్‌తో వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఒక్కరోజులో వెళ్లి రాగలనా అని అడిగాను కదా, ఆదివారం వెళ్లొచ్చేశా. తెల్లారి ఐదున్నరకి బయల్దేరి, కైలాసగిరి కింద ఎత్తులోనూ మళ్లీ రుషికొండ దగ్గరా దిగి నడిపించుకుంటూ పోయా, సిగ్గేం లేదు. మంగమారిపేట ఒడ్డున వలల్లోంచి చిక్కుకున్న చేపల్ని ఒక్కోటీ విడదీస్తుంటే చూస్తూ గంటసేపు కూర్చుండిపోయా, రోజు మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగొచ్చేసరికి సాక్సులు కూడా ఎర్రగా అయిపోయాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి, గోస్తనీ సముద్రంలో కలిసేచోట పులిహోర పొట్లం విప్పా. మీరు చెప్పిన ఎదురుగాలి మాత్రం నిజమే, తిరుగు ప్రయాణంలో తొక్కుతున్నా బండి కదలదే! ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది.