నట్‌క్రాకర్‌కి క్యూబన్ లయ: చేతులు సరే, పాదాలు తప్పుతున్నాయి. ఏం చేయాలి?

క్యూబన్ బ్యాలే నర్తకుడు కార్లోస్ అకోస్టా 2024లో తీసుకొచ్చిన 'నట్‌క్రాకర్ ఇన్ హవానా' బ్యాలే చూశాక, చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్' సంగీతంలోని మార్చ్‌ని సోన్ అనే క్యూబన్ సంగీత శైలి లయలో మా పిల్లలతో చేయిస్తున్నాను. ఎనిమిది మంది, 9 నుంచి 12 ఏళ్లవాళ్లు, అందరూ కూచిపూడి నేర్చుకున్నవాళ్లే. కార్యక్రమం డిసెంబర్ 20న.

చిక్కంతా 3-2 క్లావే దగ్గరే (ముందు మూడు, తర్వాత రెండు దెబ్బలుగా తిరిగి తిరిగి వచ్చే క్యూబన్ లయ). 16 మాత్రల్లో దెబ్బలు 3, 3, 4, 2, 4గా పడతాయి కదా, అందుకే 'తకిట తకిట తకధిమి తక తకధిమి' అని నేర్పాను. కూర్చుని చప్పట్లు కొడితే 110 వేగంలోనూ చక్కగా వస్తోంది. చాలా సంతోషించాను. లేచి నాలుగు మాత్రలకో అడుగు వేయమంటే మాత్రం రెండో దెబ్బకే పాదం కూడా చప్పట్లతో పాటు పడిపోతోంది.

మెట్రోనోమ్ (లయ వేగం చూపే పరికరం) 70కి తగ్గించాను. సగం మందితో అడుగులు, సగం మందితో చప్పట్లు చేయించాను. విడివిడిగా బాగుంది, కలిపితే మళ్లీ అంతే. మూడు వారాలుగా రోజూ 20 నిమిషాలు ఇదే సాధన. పిల్లలు టెన్షన్ పడుతున్నారు, నాకూ బాధగా ఉంది.

చేతుల్లో క్లావే నడుస్తుండగా పాదాలు సమంగా పడేలా చేయడానికి మీకు పనిచేసిన అభ్యాసం ఏది?