సమస్య: దీవి నడచి వచ్చి తీరమయ్యె

నిర్వాహకుడు: అలెగ్జాండ్రియా పాత మ్యాపులు చూస్తుంటే రాత్రి తట్టిన పాదం. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ పిండితో ముగ్గు పోయించి ఊరి హద్దులు గీశాడంటారు. అప్పటికి ఫారోస్ సముద్రంలో విడిగా ఉన్న దీవి. ఇప్పుడు కాలినడకన వెళ్ళొచ్చు. కానివ్వండి.

తెనాలి మాస్టారు:
కట్ట కట్టి రలల కడుపులో రాజులు
ఇసుక చేరె నందు నేటి కేడు
పొరలి పొరలి మన్ను పుడమిగా మారగా
దీవి నడచి వచ్చి తీరమయ్యె

అరుణ: మాస్టారూ, మూడో పాదం చదువుతుంటే ఇసుక కదులుతున్నట్టే ఉంది. కానీ 'రాజులు' తర్వాత 'ఇసుక'... సంధి ఏదండీ? పోయిన నెల నా విసంధికి, అదే సంధి కలపకుండా వదిలినందుకు, మీరు పేరా రాశారు. 'కట్ట కట్టె నలల కడుపులో టాలమీ / యిసుక చేరె' అంటే సరి. కట్టించిన ఈజిప్టు రాజవంశం పేరూ వస్తుంది.

తెనాలి మాస్టారు: ఒప్పుకున్నా, సవరణ బాగుంది. దీవిని ఒడ్డుకు కలిపిన ఆ కట్ట పేరు హెప్టాస్టేడియన్. గ్రీకు కొలతలో ఏడు స్టేడియాలు, అంటే సుమారు కిలోమీటరుంబావు. పద్యంలో పెడదామని గంటసేపు చూశా, గణాలకు లొంగలేదు.

అరుణ: నా పూరణ.
చెల్లి మునిగె నీట సిరులతో మేడతో
భూమి కంపమొంద బొంగె జలధి
అక్క వణకిపోయి యమ్మ యొడికి జేర
దీవి నడచి వచ్చి తీరమయ్యె

అక్క అంటే ఫారోస్. చెల్లి అంటే ఆంటిరోడోస్, టాలమీల రాజభవనం ఉన్న చిన్న దీవి. ఇప్పుడు రేవు అడుగున ఉంది.

తెనాలి మాస్టారు: 'చెల్లి–సిరులతో' యతి హాయిగా పడింది. కానీ కట్ట క్రీ.పూ. 3వ శతాబ్దిది. సముద్రం ఊరి మీద పడింది క్రీ.శ. 365 జులై 21న. అక్క వణికేనాటికే కట్ట ఉంది కదమ్మా?

నెల్లూరు రమణ: ఆ మాట మీరు అనకూడదు మాస్టారూ. 'దీపమార్పి కోట దిద్దె రాజు' పూరణలో ఖైత్‌బే సుల్తాను చేత ఫారోస్ మీది దీపస్తంభం కూల్పించింది మీరే. 1303 భూకంపానికే అది పాడైంది. ఆయన 1477లో ఆ రాళ్ళు ఏరి కోట కట్టించాడు.

తెనాలి మాస్టారు: ఆ పద్యం అప్పుడే వెనక్కి తీసుకున్నాను రమణా.

అరుణ: కట్ట ఉంది మాస్టారూ, నేల లేదు. కట్టలో సందులుండేవి, వాటి కింద పడవలు ఇటు రేవు నుంచి అటు రేవుకు తిరిగేవి. మేట వేసి వేసి నేలైంది. ఒట్టోమాన్ల కాలానికి ఊరే ఆ మేట మీదికి చేరింది. అందుకే 'చేర' అన్నాను, 'చేరె' అనలేదు. బయల్దేరింది, అంతే.

తెనాలి మాస్టారు: ఆ ఒక్క అక్షరం గమనించలేదు. పద్యం నిలబడింది.

నిర్వాహకుడు: ఈ వారం అరుణ గారిదే. రమణ గారూ, మీ పూరణ ఇంకా రాలేదు.